పంట చేతికి వచ్చిన తరువాత

(యశ్వంతనగర్ పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో, పూర్వ విద్యార్థి అయిన ఒక సస్యశాస్త్రవేత్త చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ సంఘం వారు నన్ను ‘మీ పరిశోధనను గురించి నాలుగు మాటలు చెప్పండి’ అని ఆదేశించారు. పరిశోధన అనగానే గాజు గొట్టాలు, తెల్లకోటు, అర్థం కాని పేర్లు మనసుకు తోస్తాయి. నా పరిశోధన అంతా ఒక కాయను గురించినది. దాన్ని మన ఇండ్లలో బుడ్డలు అంటాము. పక్క వీధిలోని కన్నడ సోదరులు శేంగా అంటారు. చిత్తూరు వైపు శెనక్కాయ. పాఠ్యపుస్తకంలో వేరుశనగ. ఈ సండూరు సీమ 1949లో సంస్థానం నుండి మద్రాసు రాష్ట్రంలోకి, 1953లో బళ్ళారితోపాటు మైసూరు రాష్ట్రంలోకి మారింది. పటం మీద గీతలు జరిగాయి గాని చేనికి ఆ గీతలు తెలియవు. అనంతపురంలో ఎండిన ఏడు బళ్ళారిలోనూ ఎండుతుంది. కాబట్టి ఈ సభలో ఉన్న ప్రతి ఇంటికీ ఈ కాయతో సంబంధం ఉన్నదని నా నమ్మకం.

నా శాస్త్రం పుట్టింది విశ్వవిద్యాలయంలో కాదు, ఈ బడి వరండాలో. ఎనిమిదవ తరగతిలో మా సైన్సు అయ్యవారు ఒక సీసాలో నానబెట్టిన శనగలు పోసి, మూత బిగించి, దానినుండి ఒక గొట్టాన్ని సున్నపుతేట ఉన్న గ్లాసులోకి పెట్టారు. మరునాటికి తేట పాలవలె తెల్లబడింది. ‘విత్తనం శ్వాసిస్తున్నదిరా’ అన్నారు. అక్కడితో ఆగలేదు. మమ్మల్ని బడి వెనుక కళ్ళానికి తీసుకొని పోయి, పచ్చిగా వామి వేసిన బుడ్డచెట్లలో చేయి పెట్టమన్నారు. లోపల వెచ్చగా, జ్వరం వచ్చిన బిడ్డ ఒంటివలె ఉన్నది. ‘ఇది కూడా శ్వాసే. పీకినంత మాత్రాన కాయ చచ్చిపోదు. తడి ఉన్నంతవరకు అది తనను తానే తింటూ వేడెక్కుతుంది. ఆ వేడిలో బూజు దాన్ని తింటుంది’ అన్నారు. పంట కోసిన తరువాత నాణ్యం ఎట్లా చెడుతుందన్న శాస్త్రమంతా ఆ నాలుగు వాక్యాలలో ఉన్నదని నాకు తెలియడానికి ఇరవై ఏండ్లు పట్టింది.

ముందు ఈ మొక్క స్వభావం కొంచెం చెప్పాలి. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ మొక్క పువ్వును వెలుతురులో పూసి కాయను చీకటిలో కాస్తుంది. విత్తిన నెల రోజులకు అటూ ఇటుగా పసుపుపచ్చని పువ్వు విచ్చుతుంది. పువ్వు వాడిన తరువాత దాని అడుగుభాగం సన్నని ఊడగా సాగి, క్రిందికి వంగి, నేలలోకి దిగుతుంది. ఊడ కొసన ఉన్న అండాశయం మట్టిలోనే కాయగా ఊరుతుంది. కాయకు కావలసిన సున్నపు ధాతువు వేరు ద్వారా చాలినంత రాదు. ఊడా కాయా చుట్టూ ఉన్న మట్టినుండే స్వయంగా పీల్చుకుంటాయి. పూతదశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ళ దగ్గర వేయమని వ్యవసాయశాఖ వారు చెప్పేది ఇందుకే. అంటే ఈ పంటకు మట్టి కేవలం నిలబడే చోటు కాదు. అది కాయకు గర్భం. ఆ మట్టి వేడి, ఆ మట్టి తడి, ఆ మట్టిలోని బూజు నేరుగా కాయకు తగులుతాయి. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే తక్కిన నా ప్రసంగం సులభంగా అర్థమవుతుంది.

మన మెట్ట ప్రాంతపు రైతును పీడించే ప్రశ్న ఒకటే: వాన ఎప్పుడు ఎగ్గొడితే ఎంత నష్టం? అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదీ ఒక క్రమంలో పడదు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరువులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ, ఇక్రిశాట్, ఈ ప్రశ్నను చేతికెత్తుకున్నది. అక్కడ వేరుశనగ శరీరధర్మాన్ని పరిశీలించిన శాస్త్రజ్ఞులలో రాచపూటి నాగేశ్వరరావు గారు ఒకరు. నా విద్యార్థి దశలో ఆయన వ్యాసాలే నాకు దారి చూపాయి. ఆయన, ఆయన సహచరులు పొలం మధ్యగా ఒక వరుస తుంపర గొట్టాలు పరిచారు. గొట్టం దగ్గర మళ్ళకు నిండుగా నీరు, దూరం పోయే కొద్దీ తక్కువ, చివరి మడికి దాదాపు శూన్యం. పైరు వయసులో ఒక్కొక్క దశలో నీరు ఆపి చూశారు. 1985లో, 1988లో వెలువడిన ఆ ఫలితాలు మన రైతుల అనుభవానికి శాస్త్రపు సాక్ష్యం చెప్పాయి.

పూతకు ముందు దశలో బెట్ట తగిలి, తరువాత నీరందితే పంటకు నష్టం లేదు. సరికదా దిగుబడి కొంత పెరిగింది. లేతవయసులో ఆకలి తెలిసిన బిడ్డ పెద్దయి నిలదొక్కుకున్నట్లు, ఆ మొక్క అనవసరపు ఆకును పెంచక, ఒక్కసారిగా పూసి, ఒక్కసారిగా ఊడలు దించింది. కాని గింజ నిండే దశలో బెట్ట తగిలిన మళ్ళలో నష్టం అత్యధికం. ‘మొదటి వాన తప్పినా బ్రతుకుతాము, కడపటి వాన తప్పితే చెడతాము’ అని మా తాత అనేవారు. ఆయన ఏ పత్రికా చదవలేదు.

నాగేశ్వరరావు గారి రెండవ కృషి మరొక ప్రశ్న మీద. ఒకే వాన కురిసిన చేనిలో ఒక రకం ఎక్కువ కాపు, ఒక రకం తక్కువ కాపు ఇస్తుంది. త్రాగిన ప్రతి చుక్కకు ఎంత ఎదుగుదల చూపింది అన్నదే తేడా. ఆకు మీద సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. గాలి లోపలికి రావాలంటే అవి తెరుచుకోవాలి. తెరుచుకుంటే నీరు ఆవిరిగా పోతుంది. ఈ లావాదేవీలో పొదుపరి ఎవరు అని తెలుసుకోవడానికి గాలిలోని రెండు రకాల కర్బన పరమాణువులను ఆకు ఏ పాళ్ళలో తీసుకున్నదో లెక్కించే పద్ధతి ఒకటి ఆస్ట్రేలియాలో వచ్చింది. కాని దానికి కావలసిన యంత్రం చాలా ఖరీదైనది. నాగేశ్వరరావు గారు, గ్రేమ్ రైట్ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు కలిసి, ఆ లెక్కకూ ఆకు మందానికీ గట్టి సంబంధం ఉన్నదనీ, అది వేరువేరు ప్రదేశాలలోనూ నిలకడగా ఉన్నదనీ 1994లో చూపించారు. దళసరి ఆకుగల రకం నీటిని పొదుపుగా వాడుతున్నది. 2001లో మరొక అడుగు వేసి, ఆకుపచ్చదనాన్ని కొలిచే చేతి పరికరంతోనే ఆ అంచనాకు రావచ్చునని తేల్చారు. కోట్ల రూపాయల యంత్రం లేని పరిశోధనా కేంద్రం కూడా వేల మొక్కలలోనుండి మంచివాటిని ఏరుకొనే మార్గం దొరికింది. పేద దేశాలకు కావలసిన విజ్ఞానం ఇటువంటిదని నేనెప్పుడూ అనుకుంటాను.

ఇంతవరకు చెప్పినది దిగుబడి మాట. నేను కూడా ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో దిగుబడి తప్ప మరొకటి ఎరుగను. ఇక్కడ నా పొరపాటు ఒకటి మీ ముందు ఒప్పుకోవలసి ఉన్నది.

తొంభైల చివరలో ఒక సంవత్సరం మా అన్న నాకు కబురు చేశాడు. చేను కోతకు వచ్చింది, వాన ఎగ్గొట్టింది, ఆకు వడలుతున్నది, పీకమంటావా ఆగమంటావా అని. నేను వచ్చి నాలుగు చెట్లు పీకి, కాయలు చితిపి, పొట్టు లోపలి రంగు చూశాను. లోపల నల్లబడిన కాయ ముదిరినట్లు, తెల్లగా ఉన్నది లేత అని మీకందరికీ తెలిసినదే. ఇంకా చాలా కాయలు తెల్లగానే ఉన్నాయి. ‘పన్నెండు రోజులు ఆగు, ఒక్క వాన పడితే గింజ నిండుతుంది’ అన్నాను. చదువుకున్న తమ్ముడి మాట. అన్న ఆగాడు. ఆ పన్నెండు రోజులలో వాన రాలేదు. నేల పెంకువలె కాలింది. పీకి వామి వేసిన మరునాడు మాత్రం కుండపోతగా వచ్చింది. తడిసిన వామి నాలుగు రోజులు అట్లాగే ఉన్నది.

ఎగుమతికి కొనే వర్తకుడొకడు సరుకు చూసి మెచ్చుకున్నాడు. గుప్పెడు గింజలు పరీక్షకు పంపాడు. వారం తరువాత సరుకంతా వెనక్కు వచ్చింది. గింజలో విషం హద్దుకు మించి ఉన్నదట. అన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ‘నువ్వు చెప్పినట్టే చేస్తినిరా’ అన్నాడు, అంతే. ఆ మాట ఇప్పటికీ నాకు వినిపిస్తూనే ఉంటుంది.

తిరిగి వచ్చిన సరుకులో కొంత గానుగకు పోయింది. తెలగపిండి బర్రెలకు పెట్టారు. మిగిలినది ఇంట్లో వాడుకకు ఉంచారు. మా అమ్మ బాణలిలో బుడ్డలు వేయిస్తూ నన్నడిగింది: ‘అంగడికి పనికిరానిది మనకు పనికొస్తుందా నాయనా? తిన్నవాళ్ళకు ఏమీ కాదా?’

నేను వృక్షశరీరధర్మ శాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవాణ్ణి. ఆమెకు జవాబు చెప్పలేకపోయాను. తక్కిన నా ఉద్యోగజీవితమంతా ఆ ప్రశ్నకు జవాబు వెదకడమే.

ఆ విషం పేరు అఫ్లాటాక్సిన్. దాని చరిత్ర పెద్దది కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చనిపోయాయి. చివరకు దాణాలో కలిపిన వేరుశనగ పిండిలో, దానిలో పెరిగిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే పసుపుపచ్చని బూజులో ఆ కారణం దొరికింది. బూజు పేరులోని అక్షరాలతోనే విషానికి పేరు పెట్టారు. కోళ్ళ సంగతి మనకెందుకు అనుకోవద్దు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాలలో కామెర్లవంటి జబ్బు వ్యాపించి, దాదాపు 400 మందికి సోకగా 106 మంది మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు వెళ్ళి పరిశోధిస్తే, వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న అందుకు కారణమని తేలింది. 2004లో కెన్యాలో ఇదే విధంగా 125 మంది పోయారు.

ఇవి ఒక్కసారి ఎక్కువ మోతాదు లోపలికి పోయిన సందర్భాలు. కొంచెం కొంచెంగా, ఏండ్ల తరబడి పోయినపుడు అది కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ దీనిని మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. నేరుగా తినే వేరుశనగలో యూరపు దేశాలు అనుమతించే హద్దు కిలోకు 4 మైక్రోగ్రాములు. అంటే వేయి టన్నుల సరుకులో నాలుగు గ్రాములు. వేయించినా ఉడికించినా ఈ విషం పూర్తిగా పోదు. గానుగలో నూనెకంటె పిండిలోనే ఎక్కువగా మిగులుతుంది. ఆ పిండి తిన్న బర్రె పాలలోకి రూపం మార్చుకొని వస్తుంది. ఆ పాలు ఎవరు త్రాగుతారో ఈ సభలోని తల్లులకు నేను చెప్పనక్కరలేదు.

మరి ఈ బూజు ఎక్కడినుండి వచ్చింది? వామి తడిసినందువల్లనే అని నేను మొదట అనుకున్నాను. తప్పు తడిసిన నాలుగు రోజులలోనే ఉన్నదని, ఆ ముందు పన్నెండు రోజులలో లేదని నా మనసు సర్దిచెప్పుకున్నది. శాస్త్రం నన్ను అంత సులభంగా వదలలేదు.

అమెరికాలో జార్జియా రాష్ట్రపు డాసన్ పట్టణంలో వేరుశనగ పరిశోధనాశాల ఉన్నది. అక్కడి శాస్త్రజ్ఞులు 1980లలో మళ్ళను పైకప్పుతో కప్పి, నేల అడుగున గొట్టాలు పెట్టి, కాయల చుట్టూ మట్టి వేడిని తమ ఇష్టం వచ్చినట్లు మార్చి చూశారు. కోతకు ముందు చివరి నాలుగు నుండి ఆరు వారాలు బెట్ట ఉండి, మట్టి వేడి సుమారు 26 నుండి 31 డిగ్రీల నడుమ ఉన్నప్పుడు, పీకకముందే, మట్టిలోనే, గింజలో విషం చేరింది. నీరు చాలినంత ఉన్న మడిలో అదే బూజు మట్టిలో ఉన్నా గింజకు కీడు జరగలేదు.

దీనికి కారణం మొక్క శరీరధర్మంలోనే ఉన్నది. గింజలో తడి ఉన్నంతవరకు, బూజు సోకగానే అది తనను కాపాడుకొనే కొన్ని రసాయనాలను అప్పటికప్పుడు తయారుచేసుకుంటుంది. ఎముకలు తెలియని ప్రాణికి కూడా ఒక రక్షణ కవచం ఉన్నది చూడండి. బెట్టకు గింజ ఎండే కొద్దీ ఆ శక్తి సన్నగిల్లి, ఒక దశలో ఆగిపోతుంది. బూజు మాత్రం అంతకంటె తక్కువ తడిలోనూ పెరగగలదు. ఆ రెండింటి నడుమ ఉన్న వ్యవధిలోనే అనర్థం జరుగుతుంది. పైగా ఆకు వడలి ముడుచుకుంటే నేలకు నీడ పోతుంది. ఎండ నేరుగా పడి మట్టి కాలుతుంది. మా అన్న చేనిలో ఆ పన్నెండు రోజులూ జరిగినది ఇదే. నేను గింజ బరువు లెక్కించాను. గింజ తనను కాపాడుకొనే శక్తిని లెక్కించలేదు.

నాగేశ్వరరావు గారి పేరు నాకు రెండవసారి ఎదురైనది ఇక్కడే. ఆయన ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి వెళ్ళి, వేరుశనగకు పేరుపొందిన కింగరాయ్ ప్రాంతంలో ఈ సమస్య మీదనే పనిచేశారు. అక్కడి మెట్టరైతులదీ మన బాధే: చివరలో బెట్ట, కాయలో విషం, సరుకు తిరస్కారం. ఆయన, ఆయన సహచరులు రైతుల పొలాలలోనే పరీక్షలు చేసి 2002లో ప్రకటించిన ఫలితం ఇది. చివరి దశలో బెట్ట ముదిరినపుడు ఇంకా దిగుబడి వస్తుందని ఆగక, కొంచెం ముందుగా పీకి, ఆలస్యం లేకుండా నూర్చి ఎండబెట్టిన పొలాలలో విషం తక్కువగా ఉన్నది. రైతుకు చేతికి వచ్చిన డబ్బు ఎక్కువగా ఉన్నది. తూకంలో కొంత పోయినా నాణ్యంలో అంతకు మించి వచ్చింది.

ఆ వ్యాసం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అన్న అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన జవాబు తప్పని ముద్రిత సాక్ష్యం నా చేతిలో ఉన్నది. మరుసటి పండుగకు ఊరికి వచ్చి అన్నకు అంతా వివరించాను. ఆయన విని, ‘అయితే ఈసారి పీకమంటే పీకుతాను. ముందు ఆ వాన సంగతి చెప్పు’ అని నవ్వాడు. రైతు క్షమాగుణం అటువంటిది.

ఇక అయ్యవారు మాకు చూపిన వామి దగ్గరకు వద్దాము. అప్పుడే పీకిన కాయలో బరువులో మూడోవంతుకు పైగా నీరు ఉంటుంది. దానిని నిల్వకు తగినట్లు 8–9 శాతానికి దించాలి. ఎంత త్వరగా దించితే అంత మేలు. అందుకు చేయవలసినవి పెద్ద పనులు కావు. పీకిన చెట్లను కాయలు పైకి, ఆకు క్రిందికి ఉండేటట్లు తిరగవేసి పరచాలి. పచ్చి వామి వేయరాదు. పారకు, గుంటకకు తగిలి పగిలిన కాయను మంచికాయలో కలపరాదు, ఎందుకంటే పగులే బూజుకు వాకిలి. ఎండిన కాయను చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమనాలి. సంచులను మట్టినేల మీద, గోడకు ఆనించి పెట్టక, చెక్కల మీద పేర్చాలి. ఇంకొక ముఖ్యమైన మాట. ఒలవడం సులభమవుతుందని కాయల మీద నీళ్ళు చల్లే అలవాటు మన ప్రాంతంలో ఉన్నది. ఎండబెట్టిన శ్రమ అంతా ఆ ఒక్క చెంబు నీళ్ళతో పోతుంది. దయచేసి ఆ పని మానండి.

పరీక్ష సంగతి కూడా చెప్పాలి. ఈ విషం సరుకంతా సమానంగా ఉండదు. వెయ్యి గింజలు శుభ్రంగా ఉండి, ఒక్క గింజలో మోతాదుకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. అందుకే పై గుప్పెడు చూసి సరుకు మంచిదనీ, చెడ్డదనీ చెప్పరాదు. సంచి సంచి నుండి తీసి, కలిపి, పొడి చేసి చూడాలి. ఒకప్పుడు ఈ పరీక్ష పెద్ద ప్రయోగశాలలకే పరిమితం. పటాన్‌చెరువులో తక్కువ ఖర్చుతో చేయగల పరీక్షా పద్ధతిని రూపొందించిన తరువాత అది చిన్న కేంద్రాలకు కూడా అందుబాటులోకి వచ్చింది.

ఆ గింజలను వేరుచేసి పరీక్షించే పనిలో నేనూ చాలా సంవత్సరాలు గడిపాను. నిండుగింజ ఒక కుప్ప, ముడుచుకున్నది ఒక కుప్ప, పగిలినది, రంగు మారినది మరొక కుప్ప. పరీక్షించిన ప్రతిసారీ విషంలో ఎక్కువ భాగం ఆ చివరి రెండు చిన్న కుప్పలలోనే కనిపించింది. నిండుగింజ కుప్పలో స్వల్పం, ఒక్కొక్కసారి శూన్యం. మన దేశంలోనే కాదు, ఇతర దేశాలలోనూ ఈ సంగతి రుజువైనది. ఏరివేత వంటి సులభమైన వైద్యం మరొకటి లేదు.

కాని అక్కడే నా మనసును కలచిన సంగతి ఒకటి ఉన్నది. ఆ చిన్న కుప్పలను చూసినపుడల్లా నాకు మా ఇల్లు గుర్తుకు వచ్చేది. మా నాయన కళ్ళంలో కాయలను అట్లాగే ఏరేవాడు. నిండుకాయ సంచిలోకి, అంగడికి. తాలు, పుచ్చు, నల్లకాయ చేటలోకి, ఇంటికి. అదే మేము వేయించుకొని తిన్నాము. అదే పిండి బర్రెలకు పెట్టాము. అప్పు తీరాలంటే మంచిది అమ్మాలి. పారవేయడం పాపం కనుక చెడ్డది తినాలి. అందులో మా నాయన తప్పేమీ లేదు. ఆ పొదుపులోనే మేమంతా పెరిగాము, నేను ఈ బడికి వచ్చాను. కాని ఆ పొదుపు తెలియకుండానే విషాన్ని వేరుచేసి, దాన్ని మాత్రమే ఇంటికి తెచ్చుకొనేది. ఎక్కడో దూరదేశంలోని బిడ్డకు హద్దులు, పరీక్షలు, చట్టాలు కాపలా ఉన్నాయి. పండించినవాని బిడ్డకు ఏ కాపలా లేదు.

మా అమ్మకు జవాబు చెప్పడానికి నాకు ఆరేండ్లు పట్టింది. ‘అంగడికి పనికిరానిది మనకూ పనికిరాదమ్మా’ అని చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘మరి అప్పుడు మీకందరికీ నేను అదే పెట్టినానే’ అన్నది. ‘నీకు తెలియదు కదమ్మా’ అన్నాను. ‘ఇప్పుడు తెలిసింది కదా’ అని లేచి, చేటలో ఉన్న తాలుకాయలను తీసుకొని పోయి పొయ్యిలో వేసింది. అప్పటినుండి మా ఇంట్లో కళ్ళం దగ్గర ఒక నియమం. మొదట నిండుకాయలు రెండు కుంచాలు ఇంటికి కొలిచిన తరువాతనే సంచి కుట్టాలి. ఆమె ఇప్పుడు లేదు. నియమం ఉన్నది. మా అన్న మనుమలు ఈ బడిలోనే చదువుతున్నారు. వారు నిండుగింజ తింటున్నారు. నా ఉద్యోగజీవితంలో నాకు ఇచ్చిన ఏ ప్రశంసాపత్రం కంటెను ఇది నాకు ఎక్కువ తృప్తి.

తల్లిదండ్రులకు నా విన్నపం ఇంతే. పంట చేతికి వచ్చిందనుకొన్న నాటితో పంట ముగియదు. అది పిల్లవాని కంచంలో పడేవరకు సాగుతూనే ఉంటుంది. దిగుబడి లెక్కలో కంచం లెక్క కూడా కలపండి. బూజువాసన వేసిన గింజను, ముడుచుకున్న గింజను బిడ్డకూ పెట్టకండి, పాడిపశువుకూ పెట్టకండి. రెండు కుంచాల నిండుగింజకు వచ్చే డబ్బు మీకు ఎంత అవసరమో నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. సున్నపుతేట ప్రయోగం పాఠ్యపుస్తకంలో ఉన్నది. దాని తరువాత పిల్లలను కళ్ళానికి తీసుకొని పొండి. సీసాలో చూసినది వామిలో తాకినపుడే అది శాస్త్రమవుతుంది. ఏడాదికొకసారి, కోతల కాలంలో, ప్రతి పిల్లవాడు ఇంటినుండి గుప్పెడు కాయలు తెచ్చి, ఒలిచి, మూడు కుప్పలుగా ఏరి చూపితే చాలు. ఆ పాఠం సాయంత్రానికి ప్రతి వంటింటికీ చేరుతుంది.

చిరంజీవులారా, మీకు కూడా ఒక మాట. ఈ బడిలో తెలుగులో చదువుకొని పై చదువులకు పోయినపుడు నాకు మొదటి సంవత్సరమంతా చీకటిగా ఉండింది. తరగతిలో చెప్పే మాట ఒక్కటీ తెలియదు. ఒకనాడు నల్లబల్ల మీద బొమ్మ వేశారు. విత్తనం, సీసా, గొట్టం, సున్నపుతేట. ఒక్కసారిగా గది వెలిగినట్లయింది. పేరు కొత్తది, సంగతి నాదే. శ్వాసక్రియ అన్న మాట నాకు కంఠస్థమైన మాట కాదు. అరచేతికి తగిలిన వెచ్చదనం. సొంతభాషలో ఒకసారి అర్థమైనది ఏ భాషలోకి పోయినా మనతో వస్తుంది. ఇరుగుపొరుగు కన్నడాన్నీ, పై చదువుల ఇంగ్లీషునూ శ్రద్ధగా నేర్చుకోండి. అర్థం చేసుకోవడం మాత్రం ఇక్కడ, ఈ వరండాలో మొదలుపెట్టండి.

నాగేశ్వరరావు గారివంటి పెద్దల కృషి గింజ నిండడానికి నీరు ఎప్పుడు కావాలో నేర్పింది, నీటిని పొదుపు చేసే ఆకును చూపింది, చివరకు పీకవలసిన వేళను కూడా చెప్పింది. మా సైన్సు అయ్యవారు గింజ శ్వాసిస్తుందని చెప్పారు. మా అమ్మ, తిన్నవాళ్ళకు ఏమీ కాదా అని అడిగింది. ఈ ముగ్గురిలో ఎవరు నా గురువు అని అడిగితే చెప్పలేను. మొదటివారి వ్యాసాలు గ్రంథాలయంలో దొరుకుతాయి. తక్కిన ఇద్దరి మాటలు ఎక్కడా అచ్చుకాలేదు. ఈ సంచికలోనైనా అవి అచ్చుకావాలని ఈ ప్రసంగ పాఠాన్ని వ్రాసి ఇస్తున్నాను.

డెబ్బై అయిదేండ్లుగా ఈ బడి గింజలను ఏరుతూ వచ్చింది. అయితే తాలు అని ఎవరినీ పారవేయలేదు. నావంటి ముడుచుకున్న గింజను కూడా తడిపి మొలిపించింది. ఆ ఋణం తీరేది కాదు. ఈ విద్యాలయం శతాబ్ది ఉత్సవం జరుపుకొనే నాటికి ఇక్కడి ప్రతి ఇంట పండించినవాని బిడ్డకే తొలి నిండుగింజ దక్కాలని కోరుకుంటున్నాను.